వాంతులు, విరేచనాలే అనుకున్నాం

పోయిన ఎండాకాలం మా అమ్మకి రాత్రంతా వాంతులు, నీళ్ల విరేచనాలు. బెజవాడ ఎండలు తెలుసుగా, వడదెబ్బేమో అనుకుని ఓఆర్ఎస్ కలిపిచ్చి, పొద్దున్నే వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్తే గ్యాస్ అని మాత్రలిచ్చి పంపేశారు. సాయంత్రానికి దుప్పటి కప్పినా వణుకు ఆగట్లేదు, ఆయాసం, పొద్దున్నుంచి మూత్రం ఒక్కసారే, "అమ్మా" అని పిలిస్తే నన్ను పట్టుకుని మా పిన్ని పేరుతో పలికింది, నా కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆటోలో ఏలూరు రోడ్డు మీద ఇంకో ఆసుపత్రికి పరిగెత్తాం. పై బీపీ 80కి పడిపోయింది. ముందు బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో చూడ్డానికి, రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్, సెలైన్ ఎక్కించారు. తర్వాత తేలింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకింది, ఈ.కోలై అనే బ్యాక్టీరియా, దాంతో సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించి తన అవయవాలనే దెబ్బతీసుకోవడం. మరి కడుపు ఎందుకు పాడైందండీ అని అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు, ఒంట్లో అంత మంట రేగినప్పుడు పేగులూ దెబ్బతింటాయట, బీపీ పడితే వాటికి రక్తం కూడా సరిగ్గా అందదట. విరేచనాలతో పాటు వణుకు, ఆయాసం, తికమక మాటలు, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, దయచేసి.

అయిదో రోజు అమ్మ నోరు తెరిచి అడిగింది, ఇడ్లీ, అల్లం చట్నీ.