తల్లి రొయ్య ఎవరిది?

2022-23లో మన దేశం 17,35,286 టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 63,969 కోట్ల రూపాయలు ఆర్జించింది. మరుసటి ఏడు అంతకంటే ఎక్కువగా 17,81,602 టన్నులు పంపి, 60,524 కోట్లే తెచ్చుకుంది. శీతలీకరించిన రొయ్యలను విడిగా చూసినా ఇదే వరస: 7,11,099 టన్నులు 7,16,004 టన్నులయ్యాయి, ఆదాయం మాత్రం 43,135 కోట్ల నుంచి 40,013 కోట్లకు దిగింది. భాగహారం చేస్తే, కిలోకు దాదాపు 607 రూపాయలు వచ్చిన చోట 559 వచ్చాయన్న మాట. ప్రపంచ విపణిలో ధరలు పడిపోవడం ఇందుకు కారణమని అందరూ చెబుతారు, అది నిజం కూడా. అయితే ధర పడినప్పుడు తట్టుకుని నిలబడే బలం మన పరిశ్రమకు ఎందుకు చాలడం లేదన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

ఈ ప్రశ్నకు సభల్లోనూ నివేదికల్లోనూ సాధారణంగా వినిపించే సమాధానం, రొయ్యను ముడిసరుకుగా అమ్మకుండా వండి, పిండి అద్ది, పొట్లాలు కట్టి అమ్మాలన్నది. మన రొయ్యను కొని, శుద్ధి చేసి, తిరిగి అమ్ముకునే వియత్నాంను చూస్తే ఆ మాటను కాదనలేము. కానీ నా అభిప్రాయంలో ఇది తోక పట్టుకుని మాట్లాడటమే. విలువలో పెద్ద భాగం ఫ్యాక్టరీ గేటు దాకా రాకముందే, చెరువులోనే కారిపోతోంది. లెక్క చాలా చిన్నది. పట్టుబడి నాటికి చెరువులో లక్ష రొయ్యలు మిగిలి, అవి వంద కౌంటులో, అంటే కిలోకు వంద తూగే సైజులో ఉంటే వచ్చేది ఒక టన్ను, యాభై కౌంటుకు ఎదిగితే రెండు టన్నులు. పైగా కౌంటు తగ్గినకొద్దీ కిలో ధర పెరుగుతుంది. ఎదుగుదల ఒక్కటే బరువునూ ధరనూ కలిపి పెంచుతుంది. ఏ మసాలా పూతకూ అంత శక్తి లేదు.

భీమవరం దగ్గర మా పెదనాన్నగారికి రెండు చెరువులున్నాయి. మొన్నటి పంటలో తొంభై రోజులు దాటినా ఒక చెరువు వంద కౌంటు దగ్గరే ఆగిపోయింది. మేత తింటున్నాయి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలు ఖాళీ అవుతున్నాయి, నీటికి గాలి అందించే ఏరేటర్ల కరెంటు బిల్లు వస్తూనే ఉంది. పరీక్ష చేయిస్తే ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి సోకిందని తేలింది. "చచ్చినా బాగుండేదిరా, నష్టం ఒక్క రోజుతో తెలిసేది. ఇవి తిని కూర్చుంటున్నాయి" అన్నారాయన. ఈ సూక్ష్మజీవి రొయ్య కాలేయంలో చేరి, ప్రాణం తీయకుండా ఎదుగుదలను మాత్రం దోచుకుంటుంది. దీనికి కచ్చితమైన మందు నేటికీ లేదు. పట్టుబడి తరువాత చెరువును బాగా ఎండగట్టి, పొడిసున్నం దండిగా చల్లి, పరీక్షించిన పిల్లనే మళ్లీ వేయమని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంటే మాట తిరిగి తిరిగి పిల్ల దగ్గరకూ, ఆ పిల్లను కన్న తల్లి దగ్గరకూ వస్తుంది.

తల్లి రొయ్య విషయంలో మనకు ఇది మొదటి పాఠం కాదు. 1990ల టైగర్ రొయ్యల జోరులో తల్లులను సముద్రంలో పట్టి తెచ్చి, రొయ్య పిల్లలను పుట్టించే హేచరీలకు అమ్మేవారు. ఆ తల్లి ఏ జబ్బు మోసుకొస్తోందో చూసే ఏర్పాటు అప్పట్లో సరిగా లేదు. 1994-95లో తెల్లమచ్చ తెగులు తీరమంతటినీ తుడిచిపెట్టింది. కోస్తాలో ఆ అప్పులు తీర్చుకోవడానికి పొలాలమ్ముకున్న కుటుంబాలను నేను ఎరుగుదును. తరువాత చాలా ఏళ్లకు, 2009లో, వనామీ అనే విదేశీ రొయ్య సాగుకు ప్రభుత్వం అనుమతినిచ్చింది. నిర్దిష్ట వ్యాధికారకాలు లేని తల్లులను విదేశాల నుంచి తెప్పించి, చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి పరీక్షించిన తరువాతే హేచరీలకు ఇవ్వాలన్నది నియమం. ఈ ఒక్క ఏర్పాటుతో పరిశ్రమ మళ్లీ లేచి నిలబడింది. దేశంలోని రొయ్యల ఉత్పత్తిలో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్ చెరువుల నుంచే వచ్చే స్థితి ఏర్పడింది.

అయితే ఆ లేచి నిలబడటం వెనుక ఉన్న పరిశోధన మనది కాదు. హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల దశాబ్దాల పాటు తరం వెంట తరం ఎంపిక చేసి తయారుచేసిన జాతిని మనం కొనుక్కున్నాం. కొన్న తల్లి నుంచి మళ్లీ తల్లులను తీయబోతే మొదటి తరపు గుణం నిలవదు, దగ్గరి సంబంధాల సంతానం బలహీనపడుతుంది. అయినా ఖర్చుకు వెరచి, చెరువులో పెరిగిన రొయ్యలనే తల్లులుగా వాడే హేచరీలు లేకపోలేదు. ఇంకో అపోహ కూడా ఉంది. జబ్బు లేని తల్లి అంటే జబ్బును తట్టుకునే తల్లి అని చాలామంది రైతులు అనుకుంటారు. జబ్బు లేకపోవడం పుట్టిన నాటి శుభ్రత మాత్రమే, మన చెరువు నీటిలో అడుగుపెట్టాక దానికి హామీ ఏమీ లేదు. 1999లో తెల్లమచ్చ తెగులు ఈక్వడార్‌ను ముంచినప్పుడు, అక్కడివారు బతికి బయటపడిన రొయ్యలనే ఏరి వాటి సంతానంతో ముందుకు వెళ్లారు. ఆ పట్టుదల ఫలితాన్ని ఇప్పుడు అమెరికా, చైనా విపణుల్లో మనం పోటీ రూపంలో అనుభవిస్తున్నాం.

ఈ పనికి కావలసిన మొదటి దినుసు ఓపిక. నార్వే వారు 1970ల మొదట్లో దాదాపు నలభై నదుల నుంచి సాల్మన్ చేపలను సేకరించి ఎంపిక ప్రారంభించారు, నేటి వారి సాల్మన్ వ్యాపారానికి పునాది అదే. మనకూ ఇది చేతకాని పని కాదు. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ అదే నార్వే శాస్త్రజ్ఞుల సహకారంతో 1992లో పని మొదలుపెట్టి, స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరంలో 'జయంతి' రోహును విడుదల చేసింది. తరానికి సగటున పదిహేడు శాతం ఎదుగుదల పెరిగింది. చెరువు చేపలో చేసి చూపిన పనిని ఉప్పునీటి రొయ్యలో ఎందుకు ఆలస్యం చేశామన్నదే నా బాధ.

ఆలస్యంగానైనా మొదలైంది. చెన్నైలోని ఉప్పునీటి జీవాల పరిశోధన సంస్థ సీబా, మన తీరానికి చెందిన తెల్లరొయ్య ఇండికస్‌ను జన్యుపరంగా మెరుగుపరిచే పథకాన్ని చేపట్టింది. 2022లో కేంద్రం తొలి దశకు 25 కోట్లు మంజూరు చేసింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థకు చెందిన రాజీవ్‌గాంధీ కేంద్రం అండమాన్ తల్లులతో టైగర్ రొయ్యను మచ్చిక చేసే ప్రయత్నం ఎప్పటినుంచో చేస్తోంది. కానీ 25 కోట్లంటే ఒక్క ఏడాది రొయ్యల ఎగుమతి విలువలో పదహారు వందల భాగాల్లో ఒక్క భాగం. ఆస్ట్రేలియాలో మత్స్య పరిశోధన సంస్థకు ప్రభుత్వం ఉత్పత్తి విలువలో అర శాతం ఇస్తుంది, పరిశ్రమ వేసుకునే చందాకు మరో పావు శాతం దాకా జోడిస్తుంది. ఒక పథకాన్ని ఒక దేశపు మొత్తం ఏర్పాటుతో పోల్చడం సమంజసం కాదని నాకు తెలుసు. అయినా రాబడితో పాటు పరిశోధన నిధి దానంతట అదే పెరిగే పద్ధతి మన దగ్గర లేదన్నది ఈ పోలికతో తెలుస్తుంది.

పరిశోధన జరిగి కూడా చెరువుకో పడవకో చేరని సందర్భాలు మరో రకం. ట్రాలర్ వలలో చిక్కిన తాబేలు బయటపడే పరికరాన్ని కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్ ఎప్పుడో రూపొందించింది. దాన్ని అందరి వలలకూ తగిలించలేకపోయినందుకు, సముద్రంలో పట్టిన మన రొయ్యకు 2019 నుంచి అమెరికా తలుపులు మూసుకున్నాయి. రొయ్య తలా పెంకూ బరువులో మూడో వంతుకు తక్కువ ఉండవు. వాటి నుంచి గాయాల పట్టీల్లోనూ నీటి శుద్ధిలోనూ పనికొచ్చే కైటోసాన్ తీసే విధానాన్ని కూడా ఆ సంస్థే తయారుచేసింది. రొయ్యలు వలిచే పీలింగ్ షెడ్ల వెనుక గుట్టలుగా పడి కుళ్లుతున్న పెంకుల వాసన మాత్రం నేను ఇప్పటికీ పీలుస్తూనే ఉన్నాను.

పెదనాన్నగారు ఈసారి చెరువు నెలరోజులు ఎండగట్టి, సున్నం చల్లి, పిల్ల సంఖ్య తగ్గించి వేశారు. రొయ్య పిల్లను (సీడ్) తెచ్చిన ఏజెంటును ఆయన జబ్బు లేదని చూపే పీసీఆర్ పరీక్ష చీటీ అడిగితే ఇచ్చాడట. తల్లి ఎక్కడిది, ఎన్నో తరానిది అని అడిగితే మాత్రం, అలాంటి చీటీ ఇంతవరకూ ఎవరూ అడగలేదని చెప్పాడట.