సోషియాలజీకి జేఆర్‌ఎఫ్: నెట్ రాయడం నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా

2022లో నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. సోషియాలజీలో చేరేటప్పటికి నాకు తెలిసిన స్కాలర్‌షిప్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక్కటే. జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ గురించి తెలియదు. ఆ రీయింబర్స్‌మెంట్ కూడా క్యాంపస్‌లో సీటు దొరికింది కాబట్టి వచ్చింది. 2020 డిసెంబరులో ఇచ్చిన జీవో 77 తర్వాత ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు దాన్ని ఆపేశారు. గుంటూరులో నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఇంటికి దగ్గరని ప్రైవేటు కాలేజీలో చేరి, రెండేళ్లూ ఫీజు సొంతంగానే కట్టుకుంది. నా ఫీజు డబ్బు అమ్మ ఖాతాలో పడేది. అమ్మ తెనాలి వెళ్లి తీసుకొచ్చి ఇస్తే, నేను ఆఫీసులో కట్టి రసీదు తెచ్చుకునేదాన్ని.

ఇది కాక సోషియాలజీ వాళ్లకంటూ ఇంకేమన్నా ఉన్నాయా అని చాలా వెతికాను. ఆ పేరుతో వెతికితే పెద్దగా ఏమీ దొరకవు. ఇంజినీరింగ్ వాళ్లకు ఉన్నట్టు కంపెనీలు పోటీపడి ఇచ్చేవి మనకు లేవు. ఉన్నవన్నీ సోషల్ సైన్సెస్ అనో, హ్యుమానిటీస్ అనో పెద్ద పద్దుల కింద ఉంటాయి. ఇది నాకు చెప్పింది మా డిపార్ట్‌మెంట్ మేడమ్. "సబ్జెక్టు పేరు పట్టుకొని వెతకొద్దమ్మా, ఎవరు ఇస్తున్నారో వాళ్లను పట్టుకో" అన్నారు. ఆ ఇచ్చేవాళ్లలో ముఖ్యమైనవి రెండు: యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం), ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి). 1969లో పెట్టిన ఐసీఎస్‌ఎస్‌ఆర్ పని పూర్తిగా సామాజిక శాస్త్రాల మీదే. దక్షిణాదికి దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. పీహెచ్‌డీలో చేరినవాళ్లకు నెలకు 20 వేల డాక్టోరల్ ఫెలోషిప్ ఇస్తుంది, దానికి నెట్ అనే జాతీయ అర్హత పరీక్షతో పని లేదు. యూజీసీ జేఆర్‌ఎఫ్ అయితే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42 వేలు. మా నాన్నది కౌలు సేద్యం. నెలనెలా 37 వేలు అనగానే ఇంట్లో నమ్మలేదు. "చదువుకుంటుంటే జీతం ఎవరిస్తారే?" అని నానమ్మ పోట్లాటకు దిగింది.

సరే, జేఆర్‌ఎఫ్ కావాలంటే నెట్ రాయాలి. పుస్తకాలకంటే ముందు నన్ను తిప్పింది కుల ధ్రువపత్రం. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన దగ్గర బీసీ పిల్లల్లో చాలామందికి ఇది తెలియదు. మన దగ్గర సచివాలయంలో ఇచ్చే బీసీ-ఏ, బీ, డీ అని రాసి ఉండే సర్టిఫికెట్ రాష్ట్రానికి పనికొస్తుంది. నెట్‌లో రిజర్వేషన్‌కి కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే మన కుటుంబం బీసీల్లో సంపన్న శ్రేణిలో లేదని చెప్పేది. పైగా రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో కూడా ఉందో లేదో ముందు చూసుకోవాలి. అన్నీ ఉండవు. నేను సచివాలయానికి వెళ్లి అడిగితే, కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి నా బీసీ సర్టిఫికెట్ చూసి "ఇది ఉందిగా అక్కా, మళ్లీ ఎందుకు?" అన్నాడు. కేంద్రం ఫారమ్ ఫోన్లో చూపించాక ఒప్పుకున్నాడు. తర్వాత వీఆర్వో గారి ఎంక్వైరీ. ఆయన ఇంటికొచ్చి వసారాలో కూర్చొని నాన్నను ఎన్ని ఎకరాలు, ఎవరి పొలం, ఇంట్లో ఉద్యోగస్తులెవరన్నా ఉన్నారా అని అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత ఆర్‌ఐ, ఆ పైన తహసీల్దారు సంతకం. ఇదంతా ఏప్రిల్ మొదలయ్యాక చేయించుకోవడం మంచిది. నెట్ పెట్టే ఎన్‌టీఏ వాళ్లు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇచ్చిన సర్టిఫికెట్టే అడుగుతారు. ఫిబ్రవరిలో చేయించుకున్నది జూన్ పరీక్షకి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇక చదువు. నాది డిగ్రీ దాకా తెలుగు మీడియం. తెలుగు అకాడమీ పుస్తకాల్లో డర్క్‌హైమ్, వెబర్, మార్క్స్ బాగానే చదువుకున్నాను. నెట్ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. మొదటి పేపర్ అందరికీ ఒకటే, రెండోది సోషియాలజీ. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా వదలకూడదు. సోషియాలజీ సిలబస్‌లో ఉన్నవి పది యూనిట్లు. సిద్ధాంతాలు, పరిశోధనా పద్ధతులు, కుటుంబం-వివాహం-బంధుత్వం మనకు అలవాటైనవే. పర్యావరణం-సమాజం, సైన్స్-టెక్నాలజీ-సమాజం అనే యూనిట్ల దగ్గర మాత్రం చెమటలు పట్టాయి. ఇగ్నో దూరవిద్య యూనివర్సిటీ వాళ్లు ఈ-జ్ఞానకోశ్ సైట్‌లో ఉచితంగా పెట్టిన ఎం.ఏ. పాఠాలు నన్ను ఒడ్డున పడేశాయి. కోచింగ్‌కి వెళ్లలేదు. విజయవాడలో గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ సందుకో కోచింగ్ సెంటర్ కనిపిస్తుంది కానీ, సోషియాలజీ నెట్ చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకొని, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ అది ఏ యూనిట్‌లోదో వెతికి చదివాను. నోట్స్ కంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది. జత పరచడం, ప్రతిపాదన-కారణం ప్రశ్నలు ఎక్కువగా ఇస్తారు. సగం తెలిసి ఉంటే వాటిలో తప్పకుండా పప్పులో కాలేస్తాం.

2024 జూన్ 18న పరీక్ష రాశాను. అప్పుడు ఓఎంఆర్ షీటు మీద, దేశమంతా ఒకే రోజు పెట్టారు. 9 లక్షల మందికి పైగా రాశారు. బాగా రాశానన్న సంతోషంతో మర్నాడంతా నిద్రపోయాను. రాత్రికి ఫోన్ చూస్తే పరీక్ష రద్దు. పేపర్ బయటికి వచ్చిందని అనుమానమన్నారు. సీబీఐకి అప్పగించారు. చివరికి తేలిందేమిటంటే, లీకైందని తిప్పిన ఆ స్క్రీన్‌షాట్టే మార్ఫింగ్ చేసిందట! ఎవడో ఫోన్లో చేసిన పనికి లక్షల మంది మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది. ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 దాకా కంప్యూటర్ల మీద మళ్లీ పెట్టారు. ఈసారి రాసినవాళ్లు 6,84,224 మందే. మిగతావాళ్లలో మా క్లాస్ అబ్బాయి ఒకడు ఉన్నాడు, అప్పటికే ఒక ఫైనాన్స్ కంపెనీలో చేరిపోయాడు, సెలవు ఇవ్వలేదు. నాకైతే ఆ రెండు నెలలు కలిసొచ్చాయనే చెప్పాలి, బలహీనంగా ఉన్న యూనిట్లు మళ్లీ తిరగేశాను. అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. దేశం మొత్తం మీద, అన్ని సబ్జెక్టులూ కలిపి జేఆర్‌ఎఫ్ వచ్చింది 4,970 మందికి. అందులో నా పేరు ఉంది.

ఇక్కడితో డబ్బు వచ్చేస్తుందని మా ఇంట్లోవాళ్లు అనుకున్నారు. జేఆర్‌ఎఫ్ అవార్డు లెటర్ అంటే, పీహెచ్‌డీలో చేరితే ఇస్తామన్న హామీ మాత్రమే. లెటర్ ఇచ్చిన తేదీ నుంచి మూడేళ్లలోపు చేరాలి. నాకు సీటు 2025లో వచ్చింది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల పని మీద పరిశోధన చేస్తానని ఇంటర్వ్యూలో చెప్పాను. మిర్చి యార్డు చుట్టుపక్కల ఎండాకాలం ఎప్పుడు వెళ్లినా కనిపిస్తారు వాళ్లు, ముక్కుకి చీర కొంగు కట్టుకొని, కాయల గుట్టల మధ్య కూర్చొని. బోర్డులో ఒక సారు "ఆ ఘాటులో నువ్వు ఎంతసేపు కూర్చోగలవు?" అని అడిగారు. మా పిన్ని చేసేది ఆ పనే అని చెప్పాను. తర్వాత ఆయన పద్ధతుల మీద తప్ప వేరే ప్రశ్న అడగలేదు.

యూజీసీ ఫెలోషిప్ డబ్బు కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా వస్తుంది. మనం నేరుగా అందులో ఏమీ ఎక్కించలేం. యూనివర్సిటీలో మేకర్ అనే ఒక ఉద్యోగి మన వివరాలు ఎక్కిస్తారు, చెకర్ అనే ఇంకొకరు వాటిని సరిచూసి ఓకే చేస్తారు. జాయినింగ్ రిపోర్ట్, అవార్డు లెటర్, ఆధార్, పాస్‌బుక్ నకలు, హాస్టల్లో ఉంటున్నామా లేదా అన్న పత్రం ఇవ్వాలి. హాస్టల్ గది ఇస్తే ఇంటద్దె అలవెన్స్ రాదు. నా ఫైలు ముందుకు కదిలేలోపే ఆఫీసులో సారు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించారు. అవార్డు లెటర్‌లో టెన్త్ మెమో ప్రకారం ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఇంటిపేరుకి పొడి అక్షరం (ఇనీషియల్), పక్కన చుక్క. పాస్‌బుక్‌లో ఆ పొడి అక్షరం పేరు చివరికి వెళ్లింది. "ముగ్గురు మనుషుల్లా ఉన్నారమ్మా మీరు. ఇలాగే ఎక్కిస్తే వెనక్కొస్తుంది, ముందు ఆధార్ మార్పించుకోండి" అన్నారు. ఆయన ఆ మాట ఆరోజు చెప్పకపోతే నెలల తరబడి ఎక్కడ ఆగిందో తెలియక తిరిగేదాన్ని.

మన తెలుగువాళ్లలో ఇది ఇంటింటి కథ. ఇంటిపేరు ముందు రాస్తాం, బ్యాంకువాళ్లు చివర రాసుకుంటారు, ఆధార్ తీసేటప్పుడు ఆపరేటర్ తోచినట్టు కొట్టేస్తాడు. ఆధార్‌లో పేరు మార్పు జన్మలో రెండుసార్లే కుదురుతుంది. అందుకని టెన్త్ మెమో చూపించి, ప్రతి అక్షరం, మధ్య ఖాళీతో సహా అలాగే ఉందో లేదో తెర మీద నేనే చదివి, ఆ తర్వాతే సరేనన్నాను. బ్యాంకులో మార్పించడం అంతకంటే విసుగు. పేరు చెప్పను కానీ, మా బ్రాంచిలో ఫారం తీసుకున్న మేడమ్ బదిలీ అయిపోయారు, ఆవిడతోపాటే నా ఫారం కూడా మాయమైంది. మళ్లీ మొదటి నుంచి. అది అయ్యాక ఆధార్ సీడింగ్, అంటే ఆధార్‌ను బ్యాంకు ఖాతాతో లింక్ చేయడం. ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు, మనం ఇచ్చిన ఖాతాకి కాకుండా, ఆధార్ చివరిసారి ఏ ఖాతాతో లింకైందో దానికి వెళ్తుంది. డిగ్రీలో తెరిచి మరిచిపోయిన జీరో బ్యాలెన్స్ ఖాతాకే నాది లింకై ఉంది. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, అక్కడ నిమిషంలో తెలిసిపోతుంది. ఏ స్కాలర్‌షిప్‌కైనా దరఖాస్తు పెట్టేముందు అది చూసుకోండి.

చివరికి చేరిన తేదీ నుంచి బకాయిలన్నీ కలిపి ఒకేసారి పడ్డాయి. అప్పటి నుంచి నెలనెలా గైడ్ సంతకంతో హాజరు ఇస్తున్నాను. యూనివర్సిటీ పోర్టల్‌లో ఆ నెల ఖరారు చేయకపోతే ఆ నెల డబ్బు ఆగుతుంది. పుస్తకాలకు, ఫీల్డ్‌వర్క్‌కు కంటింజెన్సీ అని మన సబ్జెక్టులకు మొదటి రెండేళ్లు ఏడాదికి 10 వేలు ఇస్తారు. సైన్స్ వాళ్లకంటే తక్కువ. యార్డుకీ కోల్డ్ స్టోరేజీలకీ తిరిగే ఆటో ఛార్జీలకే అది సరిపోవడం లేదు, సామాజిక పరిశోధనకు ఖర్చేముంటుందిలే అని ఎవరో గదిలో కూర్చొని అనుకున్నట్టుంది.

జేఆర్‌ఎఫ్ రానివాళ్లు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇప్పుడు ఎం.ఏ. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లయితే యూజీసీ పీజీ స్కాలర్‌షిప్‌కి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. నెలకు 15 వేల చొప్పున ఏడాదికి పది నెలలు ఇస్తారు, డిగ్రీ మార్కులే ఆధారం, దేశం మొత్తానికి 10 వేల మందికి. ఒక్కతే ఆడపిల్ల అయినవాళ్లకు పీహెచ్‌డీకి సావిత్రిబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఉంది. ఎస్సీ, ఓబీసీల జాతీయ ఫెలోషిప్‌లకు నెట్‌లో వచ్చిన మార్కులే చూస్తారు. మైనారిటీలకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022-23 నుంచి ఆపేశారు. ఎస్సీ విద్యార్థులు విదేశాల్లో చదవడానికి ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి మా హాస్టల్ స్నేహితురాలి కోసం చదివాను. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం భారతీయ సంస్కృతి, చరిత్ర, మన దేశం మీద చేసే సామాజిక అధ్యయనాలకు అది ఇవ్వరు. కులం గురించి పరిశోధించాలనుకున్న అమ్మాయి అది. మన ఊళ్లో కులం గురించి లండన్‌లో చదవడానికి డబ్బివ్వం అంటే, సోషియాలజీ వాళ్లకు తలుపు మూసినట్టే కదా.

ఫెలోషిప్‌లు కాక వేరే గుర్తింపులు కూడా మన సబ్జెక్టులో ఉన్నాయి. 1951లో జి.ఎస్. ఘుర్యే స్థాపించిన ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ, తన పత్రికలో వచ్చిన యువ పరిశోధకుల వ్యాసానికి ఎం.ఎన్. శ్రీనివాస్ పేరిట బహుమతి ఇస్తుంది. అంతర్జాతీయ సోషియాలజీ సంఘం నాలుగేళ్లకోసారి 35 ఏళ్లలోపువాళ్లకు వ్యాసాల పోటీ పెట్టి, గెలిచినవాళ్లను ప్రపంచ మహాసభకు పిలుస్తుంది. తొడిమల మీద నా వ్యాసం ఒకటి రాస్తున్నాను, మేడమ్ సగం కొట్టేశారు.

మా డిపార్ట్‌మెంట్‌లో రెండో ఏడాది చదివే అమ్మాయి వచ్చే నెట్‌కి సిద్ధమవుతోంది. పేరు అన్నిట్లో ఒకేలా మార్పించుకుంది, సీడింగ్ అయింది. ఓబీసీ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టింది కానీ, వాళ్ల ఊరి వీఆర్వో ఇంకా ఎంక్వైరీకి రాలేదు.