టైంటేబుల్‌లో పాటకు చోటు

చెన్నైలో వ్యాసర్పాడి వైపు ఉన్న ఒక కార్పొరేషన్ పాఠశాలలో రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం చివరి పీరియడ్‌లో పాట చెబుతున్నాను. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక ప్రధానోపాధ్యాయురాలిని అడిగి తీసుకున్న పని ఇది. ఆరు, ఏడు తరగతుల పిల్లలు నలభై మంది దాకా వస్తారు. వారిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు మొదలుపెట్టినప్పుడు అందరూ కలిసి మొదటి స్వరం షడ్జం మీద నిలవడానికే మూడు వారాలు పట్టింది. గొంతులు చక్కనివే. పక్కవారి గొంతు వింటూ తమ గొంతును దానితో కలపమని అంతవరకూ ఎవరూ వారిని అడగలేదు, అంతే.

నేను చదువుకున్నది కూడా ఈ నగరంలోని ప్రభుత్వ బాలికల పాఠశాలలోనే. 1970లలో మాకు పాటల టీచరు ఉండేవారు. వారానికి రెండు పీరియడ్లు, ఒక హార్మోనియం, పురందరదాసు పిళ్ళారి గీతాలతో మొదలయ్యే ఒక నోటుపుస్తకం. మాలో ఎవరూ కచేరీలు చేసే స్థాయికి రాలేదు కానీ, ఇప్పటికీ మేము కలుసుకుంటే ఆ గీతాలు తప్పు లేకుండా పాడగలం. ఆవిడ పదవీ విరమణ చేసిన తర్వాత ఆ స్థానంలో ఎవరినీ వేయలేదని, పాటల గదిలో పాత బెంచీలు పెట్టారని తర్వాత తెలిసింది.

ఈ లోటు ఒక్క పాఠశాల నిర్లక్ష్యం వల్ల వచ్చిందని నేను అనుకోను. 2005 నాటి జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలను తప్పనిసరి విషయంగా బోధించాలని చెప్పింది. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన విద్యాహక్కు చట్టం మాత్రం తన షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, అదీ వందమందికి పైగా పిల్లలున్న చోట, కళలకూ వ్యాయామానికీ చేతిపనికీ పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాసింది. తొంభై మంది ఉన్న బడికి ఆ మాట వర్తించదు. అయిదో తరగతి లోపు పిల్లలకు అసలే వర్తించదు. గణితం ఉపాధ్యాయుడు పూర్తికాలం ఉండాలనీ, చిత్రలేఖనం నేర్పేవారు సగం కాలం వస్తే చాలనీ చట్టమే చెప్పినప్పుడు, పాఠశాలలు అంతకన్నా ఎక్కువ గౌరవం ఇస్తాయని ఎలా ఆశించగలం?

తమిళనాడు 2012లో పదహారు వేలకు పైగా పార్ట్‌టైమ్ ప్రత్యేక ఉపాధ్యాయులను నియమించింది. వారానికి మూడు అర్ధదినాల పని, నెలకు 5,000 రూపాయలు. తర్వాత కొంత కొంతగా పెరిగిన ఆ మొత్తాన్ని 12,500 రూపాయలకు పెంచుతామని 2023లో ప్రకటించారు. తమను పర్మనెంటు చేయమని కోరుతూ వారు నుంగంబాకంలోని డీపీఐ (పాఠశాల విద్యాశాఖ కార్యాలయం) ఆవరణలో ఎన్నోసార్లు ధర్నాలు చేశారు. నాకు పరిచయమున్న ఒక డ్రాయింగ్ మాస్టారు ఉదయం బడిలో బొమ్మలు నేర్పి, మధ్యాహ్నం నుంచి ఫ్లెక్సీ బోర్డుల దుకాణంలో పని చేస్తారు. పరీక్షల నెలలో ఆయన పీరియడ్లు లెక్కల రివిజన్‌కు పోతాయి. ఆయన ఏమీ అనరు, అనగలిగే స్థితిలో లేరు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ మౌనమే.

2022లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల కోసం ప్రారంభించిన కళల పండుగ కళైత్తిరువిళాను నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. బడి స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా జరిగే ఆ పోటీల్లో పఱై డప్పు వాయించిన పిల్లలను, గానా పాటలు పాడిన పిల్లలను చూసినప్పుడు, ఉత్తర చెన్నై వీధుల సంగీతానికి బడి గుమ్మం తెరుచుకుందని సంతోషించాను. మా తరగతిలోని ఒక అబ్బాయి తాత దగ్గర నేర్చుకున్న తప్పెట వాయిస్తాడు. ఆదితాళం నేను చెప్పకముందే అతని చేతుల్లో ఉంది. అయితే పోటీ అప్పటికే వచ్చినవారిని వెతికి పట్టుకుంటుంది, రానివారికి నేర్పదు. మా బడి నుంచి పోటీకి వెళ్ళింది నలుగురు. మిగిలిన పిల్లలకు ఆ సంవత్సరం కూడా టైంటేబుల్‌లో పాట పీరియడ్ లేదు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గర జంట స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడుతుంది. వాళ్ళమ్మ పారిశుద్ధ్య పని చేస్తుంది. ఒకరోజు పాపను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, ‘పాట నేర్చుకుంటే మార్కులు ఏమన్నా కలుస్తాయా అమ్మా?’ అని అడిగింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో అయిదు విషయాలకు కలిపి అయిదు వందల మార్కులు, వాటిలో పాటకు ఒక్కటి కూడా లేదు. అదే చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ‘ఇంట్లో అంట్లు తోముతూ కూడా పాడుతోంది, పాడనీయండి’ అంది.

ఈ నగరంలో 1850 నుంచి చిత్రకళా పాఠశాల ఉంది, 1928 నుంచి మ్యూజిక్ అకాడెమీ ఉంది. ధనుర్మాసంలో మైలాపూరు, తేనాంపేట సంగీత సభల్లో వినిపించే కృతుల్లో అధిక భాగం ఈ పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ఉంటాయి. మెరీనాలో బండను కదిలిస్తున్న నలుగురు శ్రామికుల విగ్రహం ముందు మా పిల్లలందరూ ఫోటోలు దిగారు. దాన్ని మలిచిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి, పెరియమేట్‌లోని ఆ చిత్రకళా పాఠశాలకే ప్రిన్సిపాలుగా ఉండేవారని నేను చెప్పినప్పుడు, అక్కడికి మన బడి నుంచి బస్సు ఉందా అని అడిగారు.

నేర్పేవారు దొరకరన్న వాదనను నేను ఒప్పుకోను. చెన్నై, మదురై, కోయంబత్తూరు, తిరువయ్యారులలో ప్రభుత్వమే సంగీత కళాశాలలు నడుపుతోంది. అక్కడ చదివి బయటికి వచ్చినవారికి ఉద్యోగాలు లేవు, ఇక్కడ బడుల్లో టీచర్లు లేరు. ఒక్కో బడికి ఒక్కో పోస్టు భారమనుకుంటే, నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న నాలుగు కార్పొరేషన్ బడులకు కలిపి ఒక పాటల టీచరును, ఒక డ్రాయింగ్ టీచరును పూర్తి జీతంతో, పెన్షన్ హక్కుతో వేయవచ్చు. వారి పీరియడ్‌ను మరే పాఠానికీ వాడకూడదన్న ఒక్క ఉత్తర్వు దానితో పాటు రావాలి. నావంటి స్వచ్ఛంద సేవకులు దానికి ప్రత్యామ్నాయం కారు. నాకు జ్వరం వస్తే ఆ వారం తరగతి లేదు.

వచ్చే రెండు శుక్రవారాలు పరీక్షల రివిజన్ ఉందనీ, నన్ను ఆ తర్వాత రమ్మనీ ప్రధానోపాధ్యాయురాలు కబురు పంపారు. ఆమె ఇబ్బంది నాకు తెలుసు. నిన్న ఆ అమ్మాయి తాళాల అభ్యాసాలుండే నా అలంకారాల పుస్తకం ఇంటికి తీసుకెళ్ళవచ్చా అని అడిగితే ఇచ్చి పంపాను. ధ్రువతాళం దాకా తానే చూసుకుంటానంది.