మా సమాధిలో ఆ ఇద్దరూ

పదకొండున్నర దాటింది. నిద్ర పట్టకపోవడానికి బాబాయే కారణం అని రాద్దామనుకున్నాను. సగం కారణం ఆ రిజిస్టరు.

మా సమాధి రాయి మీద ఉన్నవి మూడు పేర్లు. ఇవాళ భూస్థాపన రిజిస్టరు చూస్తే అదే నంబరు కింద ఐదు వరసలున్నాయి. ఎక్కువున్న రెండూ బయటివాళ్ళవి. ఒకావిడ పేరు ఉంది, ఇంటిపేరు లేదు. ఇంకో వరసలో ఉత్త 'బిడ్డ' అని.

ఫోన్ చేసి చెబితే బాబాయి, "ఎవరైతే ఏంటమ్మా, పోయినవాళ్ళేగా, వదిలెయ్" అన్నాడు. ఆయన సంగతి మీకు తెలుసుగా. పక్కింటివాళ్ళ గోడ అంగుళం ఇటు జరిగితే పంచాయితీ పెట్టే మనిషి!

సమాధుల తోట ఆఫీసులో ఇంకో తంటా. తేదీల పుస్తకంలో సమాధి నంబరు ఉండదు, నంబర్ల పుస్తకంలో వయసు ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తానంటే, ఒకటి లోపల పెట్టాకే రెండోది తీస్తానంటాడు అక్కడి గుమాస్తా. పేర్ల పట్టికేమో ఇంటిపేర్ల వరసలో ఉంది. ఇంటిపేరే లేని ఆవిడను ఏ అక్షరం కింద వెతకను? చనిపోయినవాళ్ళు ఎవరికి ఏమవుతారో రాసే గడి అసలు లేనే లేదు. ఇంటికొచ్చి ఆ కోపంలోనే చదివాను: ఇంగ్లండులో 1812 చట్టంతో అచ్చు ఫారం పెట్టినప్పుడూ పేరు, నివాసం, పూడ్చిన తేదీ, వయసు, కార్యం జరిపించిన పాదిరి సంతకం, అంతే. చుట్టరికం ఎవరికీ పట్టలేదు.

తల్లీబిడ్డలని దారిలోనే కథ అల్లేసుకున్నాను. ప్రసవంలో పోయి ఉంటుందని బాధ కూడా పడ్డాను. తీరా తేదీలు చూస్తే ఇద్దరికీ మధ్య తొమ్మిదేళ్ళు. ఇంగ్లండు, వేల్స్‌లో చనిపోయి పుట్టిన బిడ్డల నమోదు మొదలైందే 1927లోనట. పాత రోజుల్లో అక్కడ అలాంటి బిడ్డల్ని సంబంధం లేని పెద్దవాళ్ళ పెట్టెలో పెట్టి పూడ్చడం మామూలేనట. మా బిడ్డ సంగతీ అలాంటిదేనేమో. 'మా బిడ్డ' అని రాశానా? సరే.

నాయనమ్మ గుర్తొస్తోంది. కొంగు తడిపి రాయి తుడిచేది. నేను గట్టు మీద కూర్చుంటే ఊరుకునేది కాదు. "లే, కాళ్ళ దగ్గర పడుకున్నారు" అనేది. తాతయ్య తల అటువైపు కదా, ఇటు కాళ్ళే కదా అని నేను లెక్కలు చెప్పేదాన్ని. వేలితో అక్షరాలు దిద్దుతూ మూడు పేర్లూ చదివేస్తే, "అయిపోయాయా?" అని అడిగేది. ఆ అడగడంలో ఏదో ఉందని ఇప్పుడనిపిస్తోంది. లేదా, రిజిస్టరు చూసొచ్చాక నేనే అందులో ఏదో పెడుతున్నాను. పొద్దుపోతోంది, ఇంటికి పోదామనే అడిగి ఉండొచ్చు.

ఒకటి మాత్రం అనుమానం లేదు. ఆ ఐదు వరసల్లో మొదటిది ఆ ఇంటిపేరు లేని ఆవిడదే. మా ముత్తాత ఏడేళ్ళ తరవాత వచ్చాడు. పైన బయటివాళ్ళు అని రాసిన మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ, బాబాయి చదువుతాడు.

ఆవిడ పేరు మాత్రం ఎవరో తీరిగ్గా, గుండ్రంగా రాశారు. ఫోటో తీసుకున్నాను గానీ వయసు దగ్గర చెయ్యి కదిలింది. 31 లాగా ఉంది, 37 లాగానూ ఉంది. మంగళవారం మళ్ళీ వెళ్ళాలి.