ఏ సుబ్బారావు గారు?

తెలుగులో జోకు చెప్పేవారికి ఒక గుమాస్తానో, భార్య చేతిలో చీవాట్లు తినే భర్తనో ప్రవేశపెట్టవలసి వస్తే వెంటనే నోటికి వచ్చే పేరు సుబ్బారావు. ఆయనకు తోడు కావాలంటే అప్పారావు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. అంత పరిచయమైన పేరు కావడం వల్లనే కాబోలు, ఆ పేరుతో గొప్ప పనులు చేసినవారిని మనం ఒక్కచోట చేర్చి చూడము. ఎవరైనా సుబ్బారావు గారి ప్రస్తావన తెస్తే “ఏ సుబ్బారావు గారు?” అని అడగడం నాకు అలవాటు. జవాబుగా ఇంటిపేరు చెబితే తప్ప మనిషి ఎవరో తేలదు.

ఈ పేరు ఇంతగా వ్యాపించడానికి కారణం సుబ్రహ్మణ్యేశ్వరుడు. పిల్లలు లేనివారు, పుట్టిన పిల్లలు దక్కనివారు నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, మార్గశిర శుద్ధ షష్ఠినాడు సుబ్బారాయుడి గుడికి వెళ్లి మొక్కుకొనేవారు. మోపిదేవి, బిక్కవోలు, అత్తిలి వంటి చోట్ల షష్ఠి ఉత్సవాలకు ఈనాటికీ జనం విరగబడతారు. మొక్కు ఫలించి అబ్బాయి పుడితే సుబ్బారావు, సుబ్బయ్య, సుబ్రహ్మణ్యం. అమ్మాయి పుడితే సుబ్బలక్ష్మి, సుబ్బమ్మ. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఒకటి ఉండనే ఉంది కాబట్టి, ఒక ఇంట్లో ఒకసారి అడుగుపెట్టిన సుబ్బారావు తరం విడిచి తరం మళ్లీ పుడుతూనే ఉంటాడు.

1856లో పుట్టిన ఇద్దరు సుబ్బారావులతో మొదలుపెడతాను. ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవారే, ఇద్దరి కథలూ మద్రాసుతో ముడిపడినవే. న్యాపతి సుబ్బారావు పంతులు అక్కడ చదువుకొంటున్న రోజుల్లో, 1878లో, మరో అయిదుగురు మిత్రులతో కలిసి ‘ది హిందూ’ పత్రికను ప్రారంభించారు. అప్పు తెచ్చిన రూపాయి పన్నెండణాలతో ఎనభై ప్రతులు అచ్చువేయించడం ఆ పత్రిక చరిత్రలో తొలి ఘట్టం. తరువాత ఆయన రాజమండ్రిలో వకీలుగా స్థిరపడి, కాంగ్రెసు ప్రధాన కార్యదర్శులలో ఒకరై, 1941 వరకు జీవించారు. కాకినాడవారైన తల్లాప్రగడ సుబ్బారావుకు ఆ దీర్ఘాయువు దక్కలేదు. దివ్యజ్ఞాన సమాజ (థియోసాఫికల్ సొసైటీ) స్థాపకులైన బ్లావట్‌స్కీ, ఆల్కాట్‌లను మద్రాసుకు ఆహ్వానించినవారిలో ఆయన ముఖ్యుడు. 1882 చివర వారి కేంద్రం బొంబాయి నుంచి అడయారుకు మారింది. అక్కడే 1886లో ఆయన భగవద్గీతపై ఉపన్యాసాలు ఇచ్చారు. 34 ఏళ్లు నిండకముందే 1890లో కన్నుమూశారు.

1895లో పుట్టిన జంట నాకు మరింత ఇష్టం. నండూరి వెంకట సుబ్బారావు ఏలూరు దగ్గరి వసంతవాడలో, యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టారు. ఇద్దరూ పై చదువులకు మద్రాసు వెళ్లారు, ఒకరు క్రైస్తవ కళాశాలకు, మరొకరు ప్రెసిడెన్సీ కళాశాలకూ ఆ తరువాత వైద్య కళాశాలకూ. నండూరి వారు ఆ విద్యార్థి దశలోనే ఎంకి, నాయుడు బావల పాటలు మొదలుపెట్టి, ఆ తరువాత ఏలూరులో వకీలుగా పనిచేశారు. “సుబ్బి పెళ్లి ఎంకి చావుకొచ్చింది” అనే సామెతలోని ఎంకి ఆ సుబ్బి వల్ల ఎన్ని కష్టాలు పడిందో గానీ, ఈ సుబ్బారావు గారి వల్ల మాత్రం తెలుగు సాహిత్యంలో శాశ్వతంగా నిలిచిపోయింది. ఆయన సమకాలికుడైన మరో భావకవి నాయని సుబ్బారావు. సాహిత్యం చదివేవారు ఈ ఇద్దరినీ నండూరి, నాయని అనే అంటారు తప్ప సుబ్బారావు అనే మాటే ఎత్తరు. పేరు కలిసినప్పుడు ఇంటిపేరే పేరుగా మారడం మన పద్ధతి.

యల్లాప్రగడకు ఆ సౌకర్యం లేకపోయింది. రామకృష్ణ మిషన్‌లో సన్యాసిగా చేరాలనుకొన్న యువకుడు వైద్యవిద్యార్థి అయ్యాడు. ఖద్దరు కట్టి శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు తక్కువ స్థాయి పట్టాతో బయటపడ్డాడు. 1922లో అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించాడు. రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో విరగ్గొట్టి వడగట్టి, వచ్చిన తేటలో మాలిబ్డేటు లవణాన్ని, ఆపైన మరో రసాయనాన్ని కలిపితే నీలిరంగు పుడుతుంది. ఫాస్పరస్ ఎంత ఎక్కువ ఉంటే ఆ నీలం అంత చిక్కగా ఉంటుంది. కండరం నుంచి తీసిన తేటతో ఇదే పరీక్ష చేసినప్పుడు రంగు వెంటనే రాకుండా, ఆలస్యంగా, కొద్దికొద్దిగా ముదిరింది. మరొకరైతే సీసా సరిగా కడగలేదనుకొని పారబోసేవారు. వీరు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో ఫాస్పరస్‌ను పట్టి ఉంచి మెల్లగా విడిచే పదార్థం ఒకటి ఉన్నదని తేలింది. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. రెండేళ్ల తరువాత, జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని కూడా వారు వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే సంవత్సరం విడిగా కనుగొన్నాడు.

ఆ కొలత పద్ధతికి పుస్తకాలలో ‘ఫిస్కే–సుబ్బారో పద్ధతి’ అని పేరు. మన కళాశాలల ప్రయోగశాలల్లోనూ విద్యార్థులు ఈ పేరును రికార్డు పుస్తకంలో రాసుకొంటూనే ఉంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన రాసుకొన్న తీరు వల్ల చివరి ‘రావు’ కాస్తా ‘రో’ అయి, ముందున్న యల్లాప్రగడ ఎగిరిపోయి, ఆయన ఏ దేశంవాడో కూడా ఆనవాలు దొరకని పేరుగా మిగిలింది. 1940లో లెడర్లె అనే మందుల తయారీ సంస్థకు మారిన తరువాత ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో, తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోవడం చూసిన మనిషి, ఆ వ్యాధికి పనికివచ్చే విటమిన్ దగ్గరకు చేరుకోవడం కేవలం కాకతాళీయమని నేను అనుకోను. బోదకాలుకు వాడే డీఈసీ మందు కూడా ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలు అవే. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లల్లో వ్యాధిని కొంతకాలం వెనక్కి తగ్గించగలిగారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే యల్లాప్రగడ మరణించారు.

న్యాయరంగంలో కోకా సుబ్బారావు పేరు తలవగానే అందరూ 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పునే ప్రస్తావిస్తారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో తగ్గించలేదని పదకొండుగురు న్యాయమూర్తులలో ఆరుగురు చెప్పిన ఆ తీర్పు తరువాతి కాలంలో నిలవలేదు. వెంటనే ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుసేన్‌పై పోటీచేసి ఓడిపోవడం ఆయన అభిమానులకు కూడా మింగుడుపడలేదు. నా దృష్టిలో ఆయన అసలు ఘనత 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో ఉంది. అనుమానితుల కదలికలపై పోలీసు నిఘాను ప్రశ్నించిన కేసు అది. రాత్రివేళ ఇళ్లకు వెళ్లి తనిఖీ చేయడం చెల్లదన్న మెజారిటీ న్యాయమూర్తులు, గోప్యత మాత్రం రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. కోకా సుబ్బారావు, జె.సి.షా కలిసి భిన్నాభిప్రాయం రాశారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత ఒక ముఖ్యభాగమని, ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదని వారు తేల్చారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటిస్తూ, ఆ పాత భిన్నాభిప్రాయం వైపే నిలిచింది. రాజమండ్రిలో పుట్టిన కోకా వారు అప్పటికి లేరు.

అదే 1962లో, విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు మరో పని చేశారు. ఆయన నల్లగొండ జిల్లా అన్నెపర్తివారు. బడిలో ఉదయం వరుసల్లో నిలబడి, కుడిచేయి ముందుకు చాచి, “భారతదేశం నా మాతృభూమి” అని తరగతి నాయకుడు అంటుంటే మనం గట్టిగా అందుకొన్న ప్రతిజ్ఞను తెలుగులో రాసినది ఆయన. తెన్నేటి విశ్వనాథం చొరవతో అది విద్యామంత్రి పి.వి.జి. రాజు దృష్టికి వెళ్లి, 1963లో విశాఖపట్నం బడిలో మొదలై, 1965 జనవరి 26 నుంచి దేశమంతటా అమలైంది. పాఠ్యపుస్తకం మొదటి పుటల్లో ప్రతిజ్ఞ ఉండేది. రాసినవారి పేరు మాత్రం ఎన్నో ఏళ్లు కనిపించలేదు. ఆయన 1988లో మరణించారు. ప్రతి పిల్లవాడూ కంఠస్థం చేసిన వాక్యాల కింద ఒక్క పంక్తిలో పేరు వేయడానికి ఏ పుస్తకంలోనూ చోటు కరువు లేదు, వేయాలన్న పట్టింపే కరువైంది.

ఆ లెక్కన అందరికంటే ఎక్కువగా అచ్చయిన సంతకం ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుది. 2008 సెప్టెంబరు 5న ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరు కాగా, సరిగ్గా పది రోజులకు అమెరికా ఆర్థిక సంస్థ లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. 2013 వరకు సాగిన ఆయన పదవీకాలంలోని పాత పది, ఇరవై, వంద నోట్లపై ఆ సంతకం చూడవచ్చు.

సినిమా దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గురించి తెలియనివారు తక్కువ కాబట్టి, 1965లో ‘తేనె మనసులు’తో కృష్ణను కథానాయకుడిగా పరిచయం చేసింది ఆయనేనని మాత్రం గుర్తుచేస్తాను. హిందూపురం ప్రాంతపు స్వాతంత్ర్య యోధుడు కల్లూరు సుబ్బారావు గురించి విడిగా రాయవలసి ఉంది. కన్నడంలో చిత్రదుర్గ చరిత్రను నవలలుగా మలచిన త.రా.సు. కూడా సుబ్బారావే. ఆ మూడు పొడి అక్షరాల్లో మొదటిది ఇంటిపేరు కాదు, తళుకు అనే వారి ఊరిపేరు. రెండోది తండ్రి పేరు. అందుచేత కన్నడిగులను “ఏ సుబ్బారావు గారు?” అని అడిగితే ముందుగా ఊరు చెబుతారు.