పువ్వులో పురుగు

మా బాబాయి కొడుకుని 12 ఏళ్ళు ద్వేషించాను. ఈ మాట మా ఆవిడకి కూడా తెలియదు.

మా మధ్య గొడవేం లేదు. పొలం పంపకాలు సాఫీగానే అయ్యాయి. 2009లో మా మేనకోడలి పెళ్ళి భోజనాల దగ్గర, పదిమందిలో వాడు "మా అన్నయ్య చేలోకి దిగడు, గట్టు మీద నుంచే సేద్యం చేస్తాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రికే వాడు మర్చిపోయి ఉంటాడు.

నేను మర్చిపోలేదు. వాడు ఏ కొట్లో మందులు అరువు తెచ్చాడు, గుంటూరు మిర్చి యార్డుకి ఎన్ని బస్తాలు తోలాడు, తాలుకాయ కింద ఎంత పోయింది... నా లెక్కలకన్నా వాడివే నాకు బాగా గుర్తు. రాత్రి కరెంటు రాగానే వాడి మోటారు చప్పుడుకి మెలకువ వచ్చేది, ఇక తెల్లారేదాకా నిద్ర పట్టేది కాదు. పొద్దున ఎదురుపడితే "ఏరా, బాగున్నావా" అనేవాణ్ణి. పండక్కి వాళ్ళింట్లో అరిసెలు తినేవాణ్ణి.

మా నాన్న భారతం చదివి చెప్పేవారు. యుద్ధం అయిపోయిన రాత్రి మర్రిచెట్టు కింద కృపుడు, కృతవర్మ నిద్రపోతారు. అశ్వత్థామకి నిద్ర పట్టదు. గుడ్లగూబ వచ్చి నిద్రలో ఉన్న కాకుల్ని చంపుతుంటే చూస్తూ ఉంటాడు. అతను ఆ తర్వాత చేసింది ఘోరం. కానీ ఆ మెలకువ నాకు తెలుసు.

2021 చలికాలంలో మిర్చికి నల్ల తామర పురుగు పడింది. గుంటూరు నుంచి ఖమ్మం దాకా చేలకు చేలు పోయాయి. అది పువ్వులోనే కాపురం పెడుతుంది. పూత రాలిపోతుంది, కాయ కట్టదు. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. మా ఊళ్ళో పడిందని తెలిసిన పొద్దున నేను ముందు వాడి చేలోకి పోయాను. ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపాను. నువ్వుగింజలో సగం లేవు, నల్లగా కదులుతున్నాయి. లెక్కపెట్టాను. పదిహేడు. పక్క మొక్క పువ్వులో ఇరవై రెండు. కడుపు చల్లబడింది. గట్టు దాటితే నా మూడెకరాలు, అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి అంతా అందులోనే. అది అప్పుడు గుర్తే రాలేదు.

"అన్నయ్యా" అని వినపడింది. వాడు నా చేలోంచి వస్తున్నాడు. చేతిలో నా చేను పువ్వు.

"నీదీ పోయింది అన్నయ్యా" అన్నాడు.

అంత పొద్దున్నే నా చేలోకి ఎందుకు పోయాడో అడగలేదు. వాడి మొహంలోకి చూడలేకపోయాను. నా గుప్పిట్లో వాడి పువ్వు అలాగే ఉంది. పురుగులు వేళ్ళ సందుల్లోంచి పైకి పాకుతున్నాయి.