చంద్రగిరిని ఏ అరలో పెట్టాలి?

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

నాలుగు రోజుల ముసురు తర్వాత ఇవాళ ఎండ మొహం చూశాం. కాఫీ తాగీ తాగకముందే అటక మీది పుస్తకాల పెట్టెలు దించడం మొదలుపెట్టాను. నిన్న సాయంత్రం ఆచారి వచ్చి కొత్త అరలు బిగించి వెళ్లాడు. ముందు గదిలో ఉత్తరపు గోడకి ఆరు అరలు. కింది అర నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉండాలని పట్టుబట్టి చేయించుకున్నాను. "అంత జాగా ఊరికే పోతుంది కదా సార్" అన్నాడు. 2021 నవంబరులో వాన నీళ్లు వీధిలోంచి తిరుపతిలో మా ఇంట్లోకి వచ్చిన రాత్రి సంగతి చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. టేపు తీసి కొలిచి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు.

ఆ రాత్రి పాత బీరువాలో కింది వరుస మొత్తం తడిసిపోయింది. మామూలు కాగితం మీద అచ్చయినవి చాలావరకు దక్కాయి. ఫ్యాను కింద విప్పి పెట్టి, పేజీల మధ్య పాత పేపర్లు దూర్చి, పూటకోసారి మారుస్తూ పది రోజులు కాచుకున్నాం. పోయినవన్నీ నున్నటి కాగితం మీద ఫోటోలు వేసిన పుస్తకాలే. ఆ కాగితం మీది పూత తడికి జిగురులా మారి పేజీకి పేజీ అతుక్కుపోతుంది. లేపాక్షి బొమ్మల పుస్తకం ఒకటి ఇప్పుడు అచ్చం చెక్కముక్కలా ఉంది. గోరు పెట్టి ఒక మూల లేపితే నంది కన్ను ఇటు సగం, అటు సగం వచ్చింది. ఇవాళ కూడా పారేయబోయి, చేతులు రాక మళ్లీ పెట్టెలోనే పెట్టాను.

ఎండలో కాకుండా వరండా నీడలో చాప పరిచి పుస్తకాలన్నీ పేర్చాను. మా పాప పొడిగుడ్డతో ఒక్కోటి తుడిచి ఇచ్చింది. ఒక పుస్తకం వెన్నులోంచి వెండి రంగు పురుగు సర్రున జారి చాప కిందికి పోయింది. అరల మూలల్లో కలరా ఉండలు పెడదామంటే మా ఆవిడ ఆ వాసన పడదంది. ఎండిన వేపాకు గుడ్డ మూటల్లో కట్టి పెట్టాం.

అసలు తంటా తర్వాత మొదలైంది. నాలుగు వందల పైచిలుకు పుస్తకాలు, దాదాపు అన్నీ చరిత్రవే. ఏది ఎక్కడ పెట్టాలి? ఇన్నాళ్లూ మనసులో రాజవంశాల వరుసే ఉంది. శాతవాహనులు, పల్లవులు, చోళులు, కాకతీయులు, విజయనగరం, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ. పాఠ్యపుస్తకంలో నేర్చుకున్న వరుస అదే కదా. అలాగే సర్దడం మొదలుపెట్టి, చంద్రగిరి దగ్గర ఆగిపోయాను. మా ఇంటి నుంచి బండి మీద అరగంట కూడా పట్టని ఊరు అది. దాని మీద నా దగ్గర ఉన్నవి ఐదే పుస్తకాలు. వంశాల లెక్కన పెడితే ఆ ఐదూ మూడు అరల్లోకి చెదిరిపోతున్నాయి. కోట సంగతి విజయనగరంలోకి పోతుంది. 1639లో చంద్రగిరి రాజుల సామంతులైన దామెర్ల నాయకుల చేతి మీదుగా చెన్నపట్నం నేల ఇంగ్లీషు వాళ్లకి దక్కిన సంగతి కంపెనీ అరలోకి పోతుంది. తాలూకా వివరాలు ఇంకెక్కడికో. ఒకే కొండ కింద జరిగినదాన్ని మూడు ముక్కలు చేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

అందుకే వంశాల వరుస వదిలేశాను. ఇంటి నుంచి ఎంత దూరమో ఆ లెక్కన సర్దుదామని నిర్ణయించుకున్నాను. కళ్లకి ఎదురుగా ఉండే అర తిరుమల, తిరుపతిది. దాని పక్కన చంద్రగిరి, శ్రీకాళహస్తి, గుడిమల్లం. గుడిమల్లం శివలింగం క్రీస్తు పూర్వపుదని చెప్పే పుస్తకాన్ని, కాదు అంత పాతది కాదని వాదించే పుస్తకాన్ని ఒకదానికొకటి ఆనించి పెట్టాను. ఒకటి చదివినవాళ్లు రెండోదీ తీయకుండా ఉండలేరు. ఆ తర్వాతి అర చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు, నెల్లూరు, కడప. ఆపైన ఆంధ్రమంతా. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆ అరలో మొదటిది. 1949లో వచ్చిన పుస్తకం అది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకి ఇచ్చిన మొట్టమొదటి అవార్డు దానికే వచ్చింది. రాజుల లెక్కలు కాకుండా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని అడగడం నాకు నేర్పింది ఆ పుస్తకమే. మా నాయన కొన్న ప్రతి అది. అట్ట రెండుసార్లు మార్పించాను.

ఈ పద్ధతిలోనూ చిక్కులు లేకపోలేదు. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు చంద్రగిరి తాలూకాతో పాటు మన తిరుపతి కూడా ఉత్తర ఆర్కాటులో ఉండేది. కాబట్టి పాత తిరుపతి కావాలంటే ఉత్తర ఆర్కాటు మాన్యువల్‌లోనే, అంటే ఆ జిల్లా వివరాలన్నీ రాసిపెట్టిన పాత పుస్తకంలోనే వెతకాలి. తిరుత్తణి మరీ దగ్గర, 1960 దాకా మన జిల్లానే. ఇప్పుడు తమిళనాడు. దాన్ని మాత్రం మొదటి అర చివరలోనే ఉంచాను. కొలిచేది కిలోమీటర్లయితే సరిహద్దుతో నాకేం పని? ఏనుగుల వీరాస్వామి గారి కాశీయాత్ర చరిత్ర ఎక్కడ పెట్టాలో కాసేపు తోచలేదు. 1830 మేలో చెన్నపట్నంలో బయలుదేరి మన ఊరి మీదుగానే ఉత్తరానికి వెళ్లారాయన. దగ్గర్లో మొదలై కాశీ దాకా పోయే పుస్తకం. మొదటి అరకీ రెండో అరకీ మధ్య చెక్కకి ఆనించి నిలబెట్టాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక తిరుమల దేవస్థానం వారి శాసనాల సంపుటాలు తుడుస్తున్నాను. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు గుడి గోడల మీది రాతలకి నకళ్లు తీయించి, చదివి, కుదురు చేసిన పని అది. అన్ని సంపుటాలూ ఒక్కసారిగా కొనే స్తోమత లేక, ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి పోగేశాను. వాటిలో ఎక్కువ శాసనాలు తమిళంలో ఉంటాయి. నాకు తమిళం రాదు. ఇంగ్లీషు అనువాదం చదువుకుని మూలం పేజీలు తిప్పేయడమే ఇన్నాళ్లూ.

మా అత్తమ్మది నగరి వైపు పల్లె. ఐదో తరగతి దాకా తమిళ బడి. మంచం మీద కూర్చుని చూస్తూ, "ఏందది నాయనా, అరవంలో ఉండాదే" అని చేయి చాపింది. కృష్ణరాయల కాలం నాటి మూడో సంపుటి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. స్వస్తిశ్రీ అని రాగానే నమస్కారం చేసుకుంది. సంస్కృతం మాటలు రాసే గ్రంథాక్షరాలు వచ్చినచోట ఆగి, దాటేసి, ముందుకి పోయింది. "అదిరసపడి" అన్న చోట నిలిచిపోయింది. "అదిరసమంటే మన అరిసెలే. ఇది సుఖియన్. ఇది వడ. ఇదంతా నైవేద్యం లెక్క" అంది.

నిజంగానే అది లెక్కే. నేను ఇంగ్లీషులో ఎన్నిసార్లో చదివిన విషయం. ఒక భక్తుడు ఇన్ని నర్పణాలని (ఆనాటి నాణేలు) శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో కట్టేవాడు. ఆ డబ్బుతో గుడి ఊళ్లలో కాలువలు తవ్వించేవాళ్లు, చెరువులు బాగు చేయించేవాళ్లు. నీళ్లు వచ్చి పెరిగిన పంటతో స్వామికి ఫలానా రోజు ఫలానా పిండివంట జరగాలి. ఆరగింపు అయిన ప్రసాదంలో నాలుగో వంతు ఇచ్చినవాడిది. దానికి "విట్టవన్ విళుక్కాడు" అని పేరు. మా పాపకి ఇదంతా చెప్తే, "అంటే వడ్డీ అరిసెల్లో ఇచ్చారా నాన్నా?" అంది. అవునన్నాను. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

శాసనం చివరి వరుస అత్తమ్మ రెండుసార్లు చదివింది. రాసిన కోవెల కరణం పేరు అది. తిరునిన్ఱ ఊరుడైయాన్. "ఆ ఊరాయన అని" అంది. మా పాప వెంటనే, "అవ్వా, మద్రాసుకి రైల్లో పోతాంటే తిరువళ్లూరు దాటినాక వచ్చే స్టేషను పేరు కదా!" అంది. నేను పక్క శాసనం తీశాను, దాని చివరా అదే పేరు. ఇంకోటి, దాని చివరా అదే. ఇచ్చిన భక్తులు మారారు, సామంతులు మారారు, రాసిపెట్టిన కరణాల ఇంటి పేరు మాత్రం పేజీ తర్వాత పేజీలో అలాగే ఉంది. పదేళ్లుగా నా ఇంట్లో ఉన్న పుస్తకం ఇది. అనువాదంలో ఆ వరుస చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ ఆగలేదు. ఆ పేరు గట్టిగా పలికి వినిపించేవాళ్లు ఇన్నాళ్లూ పక్క గదిలోనే ఉన్నారు.

పొద్దు వాలేసరికి నాలుగు అరలు నిండాయి. ఢిల్లీ, యూరపు పుస్తకాలు ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయి. వాటికి వచ్చే ఆదివారం. రిజిస్టరులో ఇవాళ సర్దినవాటికి నంబరు, కొన్న ఊరు, ధర, ఏ అర అన్నది రాసుకున్నాను.

పడుకోబోయే ముందు అత్తమ్మ పిలిచి, "ఆ లావు పుస్తకం నా చేతికందే చోట పెట్టు నాయనా. ఆ కరణమాయన ఇంకా ఏమేం రాసినాడో రేపు చూస్తాను" అంది. మూడో సంపుటిని పై అరలోంచి తీసి మంచం పక్కన స్టూలు మీద పెట్టాను. రిజిస్టరులో అర నంబరు కొట్టేసి, "అత్తమ్మ దగ్గర" అని రాశాను.